రొట్టె బండి చాటున

సికింద్రాబాద్‌లో సైకిల్ పందేలు తొక్కేవాళ్లకు గాలి నుంచి తలదాచుకోవడానికి ఒకప్పుడు ఒక గోడ ఉండేది. అది కదలకుండా ఒకచోట నిలబడే గోడ కాదు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు రాంగోపాల్‌పేట్‌లో బయల్దేరి, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా ఆరుకల్లా బొల్లారం చేరే గోడ. దానికి నాలుగు చక్రాలు, లోపల అరల నిండా వేడి రొట్టెలు, ముందు సీట్లో పురుషోత్తం.

అది బేకరీవాళ్ల మెటడోర్ వ్యాను. వెనక భాగం బీరువాలాగా ఎత్తుగా, అన్ని పక్కలా రేకుతో మూసి ఉండేది. తన వెనక మనుషులు వస్తున్నారని పురుషోత్తానికి చాలా రోజులు తెలియనే లేదు. ఒకరోజు తిరుమలగిరి చౌరస్తాలో ఎద్దుబండి అడ్డం వస్తే గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనక ఢమాల్‌మని మూడు చప్పుళ్లు. దిగి చూస్తే ముగ్గురు కుర్రాళ్లు, మూడు సైకిళ్లు, ఒకడి ముక్కు నుంచి రక్తం.

"ఏందిరా మీ లొల్లి? బండి వెనక ఏం పనిరా మీకు?" అన్నాడు పురుషోత్తం.

రక్తం కారుతున్నవాడు ముక్కు పట్టుకునే జవాబు చెప్పాడు. "అన్నా, రేపటి సంది బ్రేక్ ఏసే ముందు జెర చెయ్యి బయట పెట్టి ఊపు."

వాడు రాములు. పక్కన పడి నవ్వుతున్నవాడు తిరుమల్. ఇద్దరూ కలిసి సీతాఫల్‌మండిలో సైకిల్ రిపేరు షాపు నడిపేవాళ్లు. మూడోవాడు ఆ రోజు నుంచి మళ్లీ కనబడలేదు.

మరునాటి నుంచి పురుషోత్తం చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. అలా మూడేళ్లు ఊపాడు. గాలి సంగతి అతనికి రాములే చెప్పాడు. సైకిల్ తొక్కేవాడి బలంలో సగానికి పైగా గాలిని నెట్టడానికే పోతుంది. ముందు ఎవరైనా ఉంటే గాలి వాళ్లను కొట్టి చీలిపోతుంది, వెనకవాడు సగం కష్టంతో అంతే వేగం పోతాడు. ముందున్నది మనిషి కాకుండా మెటడోర్ అయితే ఇక చెప్పేదేముంది. "నీ బండి వెనక యాభై మీద పోతున్నా అమ్మ ఒడిలో కూసున్నట్టు ఉంటదన్నా. పైకెల్లి రొట్టె వాసన" అనేవాడు తిరుమల్. బొల్లారంలో ఆఖరి దుకాణం దగ్గర విరిగిన రొట్టె ఒకటి ముగ్గురూ పంచుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఆకలి కూడా ఎంత బాగుండేదో అని పురుషోత్తం ఇప్పటికీ అంటుంటాడు.

పంద్రాగస్టుకు క్లబ్బువాళ్లు పెట్టే పందెంలో మెటడోరే వీళ్ల జట్టు బండి అయింది. సెలవు రోజు కనుక బేకరీ సేటు కాదనలేదు. రొట్టెల ట్రేలు తీసేసి ఆ అరలకు చక్రాలు వేలాడదీసేవాళ్లు. నీళ్ల సీసాలు, పంపు, తడిగుడ్డలు. బేకరీ పేరుకు అడ్డంగా బాలమ్మ పాత చీరముక్క మీద జట్టు పేరు రాసి కట్టింది. బాలమ్మ పురుషోత్తం భార్య. "పెండ్లికి సుత నాకు గింత ముస్తాబు చెయ్యలె" అంది బండిని చూసి.

పంతొమ్మిది వందల తొంభైలో జరిగిన పందెం పురుషోత్తం జీవితంలో ఎన్నటికీ పాతబడలేదు. బొల్లారం నుంచి తూప్రాన్ దాకా పోయి తిరిగి బొల్లారం. మొదట వచ్చినవాడికి రాష్ట్ర జట్టులో చోటు ఖాయమని అందరూ చెప్పుకున్నారు. రాములుకు అప్పటికి ఇరవై ఆరు. ఆ ఏడు కాకపోతే మరింకెప్పుడూ కాదని అతనికి తెలుసు, మిగతావాళ్లకూ తెలుసు.

ముందు రోజు షాపు అరుగు మీద కూర్చుని ముగ్గురూ పథకం వేశారు. తూప్రాన్‌లో మలుపు తిరిగాక ఎదురుగాలి. గాలిలో అందరూ గుంపుగా ముడుచుకుంటారు. అప్పుడు రాములు ఒక్కడే గుంపు నుంచి విడిపోయి ముందుకు పోవాలి. గట్టి జట్టు ఒక్కటే ఉంది. నీలం బనీన్లు వేసుకుంటారు, నలుగురు. వాళ్లు వెంటపడకుండా తిరుమల్ గుంపు ముందుకొచ్చి, తొక్కుతున్నట్టు కనిపిస్తూ వేగం తగ్గించాలి. అయినా వాళ్లు తప్పించుకుని పోతే వాళ్ల వెనక చక్రానికి అంటుకున్నట్టు వెనకే పోవాలి, కానీ ఒక్కసారి కూడా ముందుకొచ్చి వాళ్లకు సాయం పట్టకూడదు. అయిదో మనిషి సాయం లేకుండా నలుగురి వల్ల ఆ గాలిలో దూరం తగ్గదని రాములు లెక్క. పురుషోత్తం పని రాములు వెనక ఉండడం, నీళ్లివ్వడం, ఎవరైనా వస్తే రెండుసార్లు హారన్ కొట్టడం.

అంతా అనుకున్నట్టే మొదలైంది. తూప్రాన్ దాటి ఆరో కిలోమీటరులో రాములు లేచి నిలబడి తొక్కాడు. తిరుమల్ రోడ్డు మధ్యకు వచ్చి, ఎద్దుకు నీళ్లు పట్టించే మనిషంత నిదానంగా పోయాడు. రాములుకూ గుంపుకూ మధ్య నిమిషం దూరం, నిమిషమున్నర, రెండు నిమిషాలు. పురుషోత్తం గుంపును దాటి వచ్చి రాములు వెనక చేరాడు. సీసా ఇచ్చి కాస్త వెనక్కి తగ్గాడు. వంగిన ఆ వీపును, చెమటకు తడిసిన బనీనును చూస్తూ ముప్పై కిలోమీటర్లు పోయాడు. దారిలో రాములు రెండుసార్లు చెయ్యి ఊపి బండి ఉందా అని అడిగాడు, రెండుసార్లూ పురుషోత్తం కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బుల్లెట్ మోటారుసైకిల్ మీద తిరిగే జడ్జి, ముగింపు గీత దగ్గర జనాన్ని పక్కకు నెట్టడానికి ముందే వెళ్లిపోయాడు. మేడ్చల్ దాటాక రాములు వేగం తగ్గుతుంటే, వెనకవాళ్లు దగ్గరపడుతున్నారేమోనని పురుషోత్తానికి అనుమానం వచ్చింది. పక్క అద్దంలో చూశాడు. రోడ్డు ఖాళీ. మళ్లీ చూశాడు, ఖాళీ. హారన్ కొట్టలేదు. ఇలాంటప్పుడు ఒంటరివాణ్ని వదిలి పోవడమెట్లా అని ఇంకాస్త దగ్గరగా ఉన్నాడు.

మూడు కిలోమీటర్లు ఉందనగా మెటడోర్ రెండు పక్కల నుంచీ నీలం బనీన్లు ఈల వేసినట్టు దూసుకుపోయాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోవాడు తిరుమల్.

రాములు వెనక్కి తిరిగి చూసినప్పుడు చూసింది అదే. నలుగురు శత్రువులు, వాళ్లతోపాటు తన మనిషి.

పందెం నీలం జట్టు గెలిచింది. తిరుమల్ మూడోవాడు. రాములు అయిదు. గీత దాటాక రాములు సైకిల్ కింద పడేసి నేరుగా పురుషోత్తం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, వీళ్లు నీ వెనక ఎంతసేపున్నరు?"

"అద్దంల ఎవ్వలు కనబడలే తమ్మీ" అన్నాడు పురుషోత్తం.

అది నిజం. నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ఒక్క మాటతోనే తిరుమల్ దోషి అయ్యాడు. అద్దంలో ఎవరూ లేరంటే వాళ్లు ఎక్కడో దూరం నుంచి గాలిని చీల్చుకుని ఆఖర్లో వచ్చారన్నమాట. నలుగురి వల్ల కాని పని అది, అయిదోవాడు పాలు పంచుకుంటేనే అవుతుంది. రాములు జనం మధ్యలోంచి వెళ్లి తిరుమల్ ఎదుట నిలబడ్డాడు.

"ఎంతకు అమ్ముడుపోయినవ్?"

తిరుమల్ అతన్ని చూశాడు. తర్వాత తల తిప్పి, మెటడోర్ పక్కన నిలబడ్డ పురుషోత్తాన్ని చూశాడు. సైకిల్ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం బొల్లారంలో బండి కడుగుతుంటే నీలం జట్టు కుర్రాడొకడు రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. ఒకటి పురుషోత్తం చేతిలో పెట్టాడు. "షుక్రియా భాయ్. మీ బండి లేకపోతే మాతోని అయ్యేది కాదు. ఇరవై కిలోమీటర్లు మీ వెనకనే ఉన్నం. మీ తిరుమల్ ఒక్కపారి సుత ముందుకు రాలే. మస్తు తిట్టినం, అయినా రాలే."

పురుషోత్తం చాయ్ తాగలేదు. రేకుకు అతుక్కున్నంత దగ్గరగా వచ్చేవాళ్లు అద్దంలో కనబడరు. మూడేళ్లు రాములును, తిరుమల్‌ను వెనక మోసిన మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా? గుంపుకూ రాములుకూ మధ్య ఉన్న గాలి ఒక ఏరైతే, దాని మధ్యలో తనే బండరాయిలా పడుకున్నాడు. వాళ్లు ఒక్క గెంతులో దాటలేని ఏరు. బండరాయి దాకా ఒక గెంతు, అక్కడ అలుపు తీర్చుకుని ఇంకో గెంతు. రాములు మీది ప్రేమ కొద్దీ తను వదలకుండా ఉన్నందుకే రాములు ఓడిపోయాడు.

ఆ సాయంత్రమే పోయి చెప్పాలనుకున్నాడు. రాములు ఇంటి వాకిట్లో అతని తల్లి ఏడుస్తోంది. తిరిగి వచ్చాడు. మరునాడు పోతే షాపులో సామాన్లు రెండు కుప్పలుగా పంచుతున్నారు. వారానికి తిరుమల్ తన కుప్పను ఆటోలో వేసుకుని మల్కాజ్‌గిరి వెళ్లిపోయాడు. ఆలస్యమైన నిజంతో ఒక చిక్కుంది. కొన్నాళ్లకు నిజం సంగతి వెనక్కి పోయి, ముందు ఆలస్యానికే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. పురుషోత్తానికి ఆ జవాబు దొరకలేదు. రాములు మాత్రం అతన్ని ఇంకా దగ్గరకు తీశాడు. "ఆనాడు నాకు నిలబడ్డ మనిషి పురుషన్న ఒక్కడే" అని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

మల్కాజ్‌గిరికి రొట్టె వేయడం మొదలయ్యాక పురుషోత్తం ఒకసారి తిరుమల్ కొత్త షాపు ముందు బండి ఆపాడు. "తిరుమల్, ఆనాడు బండి..." అని మొదలుపెట్టాడు.

తిరుమల్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తలేదు. "నాకు తెల్వదా అన్నా? నేను సుత ఆడనే ఉంటి గద, బండి వెనక."

"మరి రాములుకు ఎందుకు చెప్పలే?"

"అడిగితే చెప్తుంటి. అడగలే. అమ్ముడుపోయినవ్ అని ఆయననే చెప్పిండు. చెప్పేటోనికి ఏం చెప్తం?" ట్యూబును నీళ్లలోంచి పైకి తీసి, "నువ్వు చెప్తవేమో అనుకున్న కొన్ని రోజులు" అన్నాడు. అంతే, చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా పిల్లల చదువులు, రొట్టె ధరలు తప్ప ఇంకో మాట రాలేదు.

ముప్పై నాలుగేళ్లు అలా పోయాయి. బేకరీ మూతబడింది, మెటడోర్ తుక్కు కింద పోయింది. పురుషోత్తం కొన్నాళ్లు స్కూలు వ్యాను నడిపి అదీ మానేశాడు. సాయంత్రాలు రాములు షాపులో స్టూలు మీద కూర్చోవడం ఒక్కటే మిగిలింది.

ఆ షాపుకు ఈమధ్య శ్రీలేఖ అనే అమ్మాయి రావడం మొదలుపెట్టింది. వాళ్ల తాతలు ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద ఆడపిల్లలకు పందేలు పెడుతుంది. ఈసారి ముఖ్య అతిథిగా వచ్చి, పందెం వెంట కారులో తిరగమని రాములును పిలిచింది.

"మా పురుషన్న లేకుంట నేను బండి ఎక్క" అన్నాడు రాములు.

"అయితే ఇంకా మంచిది. అంకుల్, మీరే నడపండి. ముందు విడిపోయి పోయేవాళ్ల వెనక ఉండే కారుకి నాకు డ్రైవరు కావాలి" అంది శ్రీలేఖ. పురుషోత్తం వద్దనబోయాడు. అప్పటికే రాములు అతని తరఫున ఒప్పేసుకున్నాడు.

పందెం రోజు పొద్దున శ్రీలేఖ డ్రైవర్లందర్నీ నిలబెట్టి చెప్పింది. "విడిపోయినవాళ్లకీ గుంపుకీ మధ్య దూరం నిమిషం కంటే తగ్గితే మధ్యలో ఒక్క బండి కూడా ఉండకూడదండీ. నేను వాకీటాకీలో చెప్పగానే పక్కకు తీసేయాలి. లేదంటే మన బండి వెనక దాక్కుని వాళ్లు ముందువాళ్లని పట్టేసుకుంటారు." రాములు అప్పుడు పక్కన ఎవరితోనో ఫొటో దిగుతున్నాడు. పురుషోత్తం మాత్రం ప్రతి మాటా విన్నాడు.

ఇరవై కిలోమీటర్ల దగ్గర హిమజ అనే పిల్ల ఒంటరిగా విడిపోయింది. కారు గుంపును దాటి ముందుకు పోతున్నప్పుడు రాములు కిటికీలోంచి మెడ బయటికి పెట్టాడు. గుంపు ముందు జోయా అనే ఇంకో పిల్ల, హిమజ జట్టుదే, తీరికగా తొక్కుతూ అందర్నీ ఆపుతోంది.

"చూస్తివా అన్నా ఈ పిల్లను. చేతుల కాగితం పట్టుకొని చదువుకుంట పోతున్నట్టున్నది. గిదీ జట్టంటే." కారు ముందుకు పోయాక అతని గొంతు మారింది. "ఆ తిరుమల్ గాడు గిట్ల చేసి ఉంటే నా కత ఏరే ఉండె."

పురుషోత్తం స్టీరింగు మీది చేతుల్నే చూసుకుంటూ నడిపాడు. ముందు హిమజ వీపు. చెమటకు తడిసిన జడ.

"ఆనాడు నాకు కాళ్లల్ల సత్తువ అయిపోయింది. నీ బండి చప్పుడు ఇనుకుంట తొక్కిన" అన్నాడు రాములు.

వాకీటాకీలో శ్రీలేఖ గొంతు వినబడింది. "దూరం నిమిషం ఇరవై." కొంతసేపటికి, "నిమిషం పది." ఇంకా తీసేయమని చెప్పలేదు. పురుషోత్తం అప్పటికే ఎడమకు ఇండికేటరు వేసి, కారును మట్టి అంచు మీదికి దింపి ఆపేశాడు.

"ఏమైంది? పంచరా?"

"కాదు."

"మరేంది? ఆ పిల్ల ఒక్కతే పోతున్నది. నీళ్లు గిట్ల కావాలంటే?"

"కావాలన్నా సరే, మనం నడుమల ఉండొద్దు రాములూ. వెనకోళ్లకు మెట్టు అయితం."

రాములు నవ్వాడు. "ఈ కారుకా? గింతంత ఉన్నది. నీ మెటడోర్ అసొంటిది అయితే అంటే..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. అతని నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కళ్లు మాత్రం రోడ్డు మీద ఏదో వెతుకుతున్నాయి.

"అద్దంల ఎవ్వలు కనబడలే అన్నవ్" అన్నాడు చివరికి.

"కనబడలే. నిన్ను మూడేండ్లు వెనక మోసిన. నిన్ను ఎన్నడన్న అద్దంల చూసిన్నా నేను?" పురుషోత్తం స్టీరింగు వదిలి అతని వైపు తిరిగాడు. "మేడ్చల్‌కు ముంగటికెల్లే నా వెనక ఉన్నరంట. ఇరవై కిలోమీటర్లు. తిరుమల్ ఒక్కపారి సుత ముందుకు రాలేదంట. వాళ్ల పిలగాడే చెప్పిండు."

"ఎప్పుడు?"

"ఆ దినమే. సాయంత్రం."

అంతలో గుంపు వచ్చింది. ముప్పై సైకిళ్ల గొలుసులు ఒక్కసారిగా వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ కారును దాటిపోయాయి. వెనక బండ్లు పోయాయి. రోడ్డు మళ్లీ ఖాళీ అయింది. రాములు తలుపు తీసి దిగాడు. ముఖ్య అతిథికి వేసిన శాలువా సీటు మీదే ఉండిపోయింది. ఎండలో గీత వైపు నడుచుకుంటూ పోయాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా.

హిమజను గీతకు ఇంకా నాలుగు వందల మీటర్లు ఉందనగా పట్టుకున్నారట. తర్వాత శ్రీలేఖ ఫోన్లో చెప్పింది. "అయినా రెండోది వచ్చింది అంకుల్. మీరు కరెక్టుగా పక్కకు తీశారు, లేకపోతే ఇంకా ముందే దొరికేసేది" అంది.

ఆ వారమంతా అతను షాపు వైపు పోలేదు. బాలమ్మ రెండు రోజులు చూసి మూడోనాడు అడిగింది. "చెప్పేసినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమనలే."

"అనడు మల్ల. నువ్వు ముప్పై నాలుగేండ్లు తీసుకున్నవ్. ఆయనకు నాలుగు దినాలన్న ఇయ్యవా?"

ఇంకో మనిషికి కూడా చెప్పవలసింది ఉందని ఆ మాటతో గుర్తొచ్చింది. ఆదివారం బస్సెక్కి మల్కాజ్‌గిరి పోయాడు. తిరుమల్ ఇల్లు కాలనీ చివర. గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి పోట్లాట వినబడింది.

"ఇంక పది కిలోమీటర్లు ఆగి పోవాల్సింది నువ్వు. తొందర నీకు."

"ఆగితే? ఆ నీలం బనీన్లోళ్లు నన్ను పోనిస్తుండిరా?"

"నేనున్న గద ఆపెతందుకు."

"ఏం ఆపినవ్? బస్సు వస్తే పక్కకు జరిగినవ్, గా సందులకెల్లే ఎల్లిపోయిండ్రు."

"బస్సు కింద పడుమంటవా?"

వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాంట్లో తిరుమల్, ఒకదాంట్లో రాములు. పురుషోత్తం గేటు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. తిరుమల్ భార్య ఊర్మిళ అతన్ని చూసి, "లోపటికి రా అన్నా. పొద్దటి సంది గిదే పంచాయితి" అంటూ ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.

రాములు అతని వైపు చూడలేదు. గోడ వైపు మొహం పెట్టి, "ఊర్మిళమ్మా, ఆ మనిషికి సుత చాయ్ పొయ్యి" అన్నాడు.

ఇన్నేళ్లలో రాములు తనను అన్నా అని తప్ప ఇంకోలా పిలవడం పురుషోత్తం వినలేదు. తనకు రావలసిన పేరే వచ్చిందనుకున్నాడు. ఊర్మిళ ఇచ్చిన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

వాళ్లిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. మేడ్చల్ దగ్గర గాలి ఎదురుగా ఉందా, పక్క నుంచి కొట్టిందా అన్న దగ్గర ముడిపడింది. ఎదురుగాలి అని రాములు, కాదు కుడి పక్క నుంచి అని తిరుమల్. తెగలేదు. తిరుమల్ పురుషోత్తం వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు అన్నా. ఎటుకెల్లి ఉండె గాలి?"

పురుషోత్తం గొంతు సవరించుకున్నాడు. "ఎదురుగాలే."

"చూస్తివా, నేనేం చెప్తున్న?" అనబోయిన రాములు సగంలో ఆగి, గోడతోనే అన్నాడు. "అయినా ఆయనకేం తెలుసు గాలి సంగతి? ఇంజను ఏసుకొని, డోరు పెట్టుకొని లోపట కూసున్నడు."

తిరుమల్ పకపకా నవ్వాడు. రాములు నవ్వలేదు. పురుషోత్తం చల్లారిన చాయ్ తాగేసి, గ్లాసు కింద పెట్టి, వాళ్లు పొమ్మనేదాకా అక్కడే కూర్చుందామని కుర్చీలో సర్దుకున్నాడు.